గీత లేని చోటు, గీత ఒక్కటే ఉన్న చోటు

1962లో అమెరికన్ శిల్పి రూత్ అసావాకు స్నేహితులు డెత్ వ్యాలీ ఎడారి నుంచి ఒక మొక్క తెచ్చి ఇచ్చారు. నడుమ నుంచి నాలుగు వైపులా చీలి, చీలిన ప్రతి కొమ్మా మళ్లీ చీలి, చివరికి సన్నటి పుల్లలుగా ముగిసే మొక్క అది. ఆమె దాన్ని కాగితం మీద గీద్దామని కూర్చుంది. కుదరలేదు. ఏ కొమ్మ ముందుందో, ఏది వెనకుందో, ఆ చిక్కు ఎంతకీ విడలేదు. అప్పటికి పదిహేనేళ్లుగా తీగతో పనిచేస్తున్న చేయి కాబట్టి, ముందు దాని కట్టు ఏమిటో తెలుసుకుందామని ఒక తీగల కట్ట తీసుకుని మధ్యలో బిగించి, పాయలు పాయలుగా విడదీస్తూ పోయింది. మొక్క అర్థమైంది. దాంతోపాటు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె చేసిన కట్టుతీగ శిల్పాలకు దారి కూడా దొరికింది.

ఈ సంగతి తెలుగులో చెప్పడం ఇంకా సులువు. మొక్కకూ లోహానికీ మనకు ఒకటే మాట: తీగ. సొరతీగ, మల్లెతీగ, వీణతీగ, కరెంటు తీగ. బొమ్మ అన్న మాట కూడా అంతే. కాగితం మీద వేసిందీ బొమ్మే, మట్టితో చేసిందీ బొమ్మే. భాష ఇలా కలిపి ఉంచినవాటిని ఆర్ట్ కాలేజీలు విడదీసి, ఇటు పెయింటింగ్ డిపార్ట్‌మెంటు, అటు స్కల్ప్చర్ డిపార్ట్‌మెంటు అన్నాయి. అందుకే ఒక కళాకారుడు పొద్దున్నే చెరువుగట్టుకు పోయి రంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేసి, మధ్యాహ్నం ఇంట్లో పట్టకారు పట్టుకుని తీగతో మనుషుల్నీ జంతువుల్నీ వంచుతున్నాడంటే, చూసేవాళ్లకు అవి రెండు వేర్వేరు సరదాల్లా కనిపిస్తాయి. ఒకటి అసలు పని, రెండోది కాలక్షేపం అనుకుంటారు. కానీ ఈ రెండింటి మధ్య పొత్తు గట్టిది. ఆరుబయట గీత ఉండదు. తీగబొమ్మలో గీత తప్ప ఇంకేమీ ఉండదు. ఒక చోట చేయి దేన్ని ఊతగా పట్టుకుని నడుస్తుందో, రెండో చోట సరిగ్గా ఆ ఊతే దొరకదు.

ఆరుబయట గీత లేకపోవడమేమిటన్న అనుమానం రావచ్చు. మన పిల్లలు వేసే మొదటి దృశ్యం గుర్తు చేసుకుంటే చాలు: రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి మెలికలు తిరిగే ఏరు, ఒక గుడిసె, దాని పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. ముందు పెన్సిల్‌తో చుట్టుగీత, తర్వాత లోపల రంగు నింపడం. ఈ అలవాటు పిల్లలతో ఆగేది కాదు. ముగ్గు గీతే. శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి పులియబెట్టిన నల్లరంగుతో ముందు గీత పడుతుంది, రంగులు తర్వాత వస్తాయి. చేర్యాల పటంలోనూ గీతే బొమ్మను పట్టి నిలబెడుతుంది. మన కంటికి గీత అమ్మపాలతో వచ్చిన విద్య.

ఆ కంటితో నిజం కొండ ముందు కూర్చుంటే మొదటి గంటలోనే చిక్కు వస్తుంది. కొండ చుట్టూ గీత లేదు. ఉన్నది ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే చోటు మాత్రమే. కొన్ని చోట్ల ఆ అంచు కత్తిలా ఉంటుంది, కొన్ని చోట్ల కొండా ఆకాశమూ ఒకే మసకలో కలిసిపోయి అంచే కనిపించదు. చుట్టూ ఒకే మందాన గీత గీసి రంగు నింపితే అట్టముక్క కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. బయట కూర్చుని వేసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది చెట్టు గీయడం కాదు. చెట్టు అన్న పేరు కాసేపు మరిచిపోయి ఎండ పడ్డ ముద్ద ఒకటి, నీడ ముద్ద ఒకటి, వాటి మధ్య ఆకాశం కనబడే కంతలు అని చూడడం. పేరు గుర్తొస్తే చేయి పాత చెట్టునే గీసేస్తుంది.

ఇంకో ఇబ్బంది వెలుతురు కొలతది. నడినెత్తి ఎండలో వెలుగు దాదాపు 1,00,000 లక్స్ (వెలుతురుకు కొలత) ఉంటుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద కొన్ని వందలు. ఎండ పడ్డ సున్నపు గోడకూ, తలుపు వెనక చీకటికీ ఉన్న తేడా వందల రెట్లలో ఉంటుంది. కానీ తెల్ల కాగితం తన మీద పడ్డ వెలుగులో పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు తిరిగి పంపితే, నల్లరంగు నూటికి మూడో నాలుగో వంతులు పంపుతుంది. అంటే రంగులపెట్టెలో ఉన్న తెలుపుకూ నలుపుకూ తేడా పాతిక రెట్లు, మహా అయితే ముప్ఫై. కళ్ల ముందున్నదాన్ని ఉన్నదున్నట్టు దించడం అసలు వీలుపడే పనే కాదు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఎండ దక్కాలంటే నీడలోని వివరాలు పోవాలి. నీడలో ఉన్న గేదె కళ్లు కూడా కనబడాలంటే ఎండ వెలవెలబోతుంది. ఫోన్ కెమెరాతో ఎదురెండలో ఫొటో తీసినవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. కాకపోతే ఫోన్ తనంతట తానే తేల్చేస్తుంది, చిత్రకారుడు తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి టైమ్ కూడా తక్కువ. సూర్యుడు నాలుగు నిమిషాలకో డిగ్రీ జరుగుతాడు. రెండు గంటలు కూర్చుంటే ముప్ఫై డిగ్రీలు. మొదట వేసిన నీడ ఒకవైపు, చివర వేసిన నీడ ఇంకోవైపు పడి, బొమ్మలో ఇద్దరు సూర్యులు ఉన్నట్టవుతుంది. ఇంగ్లండ్‌లో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822 ప్రాంతంలో హాంప్‌స్టెడ్‌లో మబ్బులను తైలవర్ణాల్లో గబగబా వేసి, ఆ బొమ్మల వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందీ రాసి పెట్టుకునేవాడు. రంగులు బయటికి మోసుకెళ్లడమే అప్పట్లో ఒక తంటా. నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టుకుని పోయేవారు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే లోహపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. పళ్లు తోముకునే పేస్టుకు కూడా తర్వాత ఆ దారే దొరికింది గానీ, మొదటి లాభం చిత్రకారులదే. మారిపోయే వెలుతురును పట్టుకోవాలని చూసిన ఫ్రెంచ్ చిత్రకారులు, అంటే ఇంప్రెషనిస్టులు, పొలాల్లోకి, ఏటిగట్ల మీదికి పోగలిగారంటే అందులో ఆ చిన్న ట్యూబు పాలు తక్కువేం కాదు.

వాళ్లలో ఒకడైన క్లోద్ మోనే కాలంతో పోటీపడడానికి ఇంకో ఉపాయం పట్టాడు. ఒకే కాన్వాసు మీద రోజంతా వేయకుండా, ఒక్కో వేళకు ఒక్కో కాన్వాసు పెట్టుకుని వెలుతురు మారగానే కాన్వాసు మార్చేవాడు. ఫ్రాన్స్‌లోని జివెర్నీలో తన ఇంటి దగ్గరి గడ్డివాములను 1890, 91 సంవత్సరాల్లో పాతికసార్లు వేసింది ఇలాగే. 1891లో ఏటి ఒడ్డున పాప్లర్ చెట్ల వరస వేస్తుండగా ఊరివాళ్లు వాటిని వేలానికి పెట్టారు. మోనే కలప వ్యాపారితో ఒప్పందం చేసుకుని, బొమ్మలు పూర్తయ్యేదాకా చెట్లు కొట్టకుండా ఉండడానికి డబ్బు చెల్లించాడు. ఇంతవరకూ అందరూ చెప్పేదే. తక్కువమంది చెప్పేది ఏమిటంటే, రువాఁ నగరంలోని పెద్ద చర్చి మీద 1892, 93లో వేసిన ముప్ఫైకి పైగా కాన్వాసులను ఆయన 1894లో ఇంట్లో స్టూడియోలో కూర్చుని సరిచేసి ముగించాడు. ఆరుబయట మొదలుపెట్టింది ఆరుబయటే ముగించాలన్న పట్టుదల తర్వాతివాళ్లు పెట్టుకున్న మడి. ఆయనకు కావాల్సింది అక్కడ చూసిన వెలుతురు గానీ, అక్కడే కూర్చున్నానన్న సర్టిఫికెట్ కాదు.

జివెర్నీ పాఠాన్ని యథాతథంగా తెచ్చి తెలుగునేల మీద అమలు చేస్తే దెబ్బతింటాం. అది ఉత్తర అక్షాంశం 49 డిగ్రీల దగ్గరి ఊరు. అక్కడ జూన్ నెల మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 65 డిగ్రీల ఎత్తు దాటడు. నడి చలికాలంలోనైతే మధ్యాహ్నం పన్నెండుకు కూడా 18 డిగ్రీల దగ్గరే ఉంటాడు. అంటే పొద్దస్తమానం వాలు వెలుతురే, పొడుగు నీడలే. హైదరాబాద్‌లో మార్చి నెలాఖరున సూర్యుడు ఆ 18 డిగ్రీల ఎత్తుకు పొద్దు పొడిచిన గంటంపావుకే చేరిపోతాడు. జివెర్నీ చిత్రకారుడికి చలికాలంలో రోజంతా దొరికే వెలుతురు ఇక్కడ పొద్దున గంటంపావు, సాయంత్రం గంటంపావు. వేసవి సంగతి చెప్పనే అక్కర్లేదు. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. నీడ లేని రోజు అని పేపర్లలో వచ్చేది అదే. చిత్తూరు నుంచి ఆదిలాబాద్ దాకా తేదీలు అటూఇటూ మారతాయి తప్ప అన్ని ఊళ్లకూ ఆ రోజు వస్తుంది. నీడ చెట్టు కిందికి ముడుచుకుపోయిన వేళ చెట్టుకు రూపం ఉండదు, గోడకు గరుకు ఉండదు, అంతా ఒక తెల్లటి చదును. మన చిత్రకారులు నీరెండ వేళలకోసం తెల్లవారుజామునే లేస్తారంటే కేవలం ఎండదెబ్బ భయంతో కాదు.

అలాగని మధ్యాహ్నం పనికిరాదనీ కాదు. ఎర్రమట్టి నేల మీద పడ్డ ఎండ తిరిగి లేచి చెట్ల అడుగు కొమ్మలకు, పశువుల పొట్ట కిందికి, అరుగు చూరుకు ఎర్రటి వెలుగు పూస్తుంది. ఇది యూరప్ పచ్చికబయళ్లలో దొరకదు. అక్కడివాళ్లు నీడలో నీలం చూసి, దాన్ని వేసి, తిట్లు తిన్నారు. ఆకాశం వెలుగు ఒక్కటే పడే నీడలో నీలం ఉండడం నిజమే. తెలంగాణ దుబ్బలోనో, ప్రకాశం జిల్లా ఎర్రనేలలోనో వేసే నీడకు పైనుంచి నీలం, కిందినుంచి ఎరుపు. పుస్తకంలో చదివిన నీలిరంగు నీడ ఇక్కడ వేస్తే బొమ్మ పరదేశిలా ఉంటుంది.

ఇక పనిలోని చిన్నచిన్న బాధలు. ఏప్రిల్ ఎండలో నీటిరంగు పూత కాగితం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేలోపే ఆరిపోయి మధ్యలో చారలు పడుతుంది. కోస్తాలో వానాకాలం వచ్చిందంటే అదే పూత అరగంటైనా ఆరదు, మీద ఇంకో పూత వేస్తే బురదే. కాగితం మీద నేరుగా ఎండ పడితే తెలుపు కళ్లు చెదిరేలా కొడుతుంది. ఆ వెలుగులో సరిపోయిందనుకున్న రంగు ఇంటికొచ్చాక చూస్తే మసిబారినట్టు ఉంటుంది. అందుకే గొడుగు. అది కూడా నల్లదో తెల్లదో అయి ఉండాలి, రంగురంగుల గొడుగైతే ఆ రంగంతా కాగితం మీదే పడుతుంది. వీటన్నిటికీ మించి జనం. ఊరి చివర మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి దూరంగా చూస్తూ కూర్చున్న మనిషిని చూస్తే మనవాళ్లకు మొదట వచ్చే అనుమానం సర్వే. రోడ్డు వేస్తున్నారా, ప్లాట్లు పడుతున్నాయా అని అడిగి, బొమ్మ అని తెలిశాక కాస్త నిరాశపడి, ఆ తర్వాత కదలరు.

తెలుగునేల మీద ఈ పని నూరేళ్ల కిందటే గట్టిగా చేసినవాడు దామెర్ల రామారావు. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, తనూ బొమ్మలు వేసేవాడు కాబట్టి, కుర్రవాడి చేతిలో ఉన్నదేమిటో పట్టుకుని బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కు దారి చూపించాడు. ఆ రోజుల్లో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బెంగాల్ పద్ధతి నడుస్తోంది. అడివి బాపిరాజు అక్కడ తయారైనవాడే. ఆ పద్ధతిలో దృశ్యం మనసులోంచి, పురాణంలోంచి, మసక పూతల్లోంచి వస్తుంది. రామారావు పురాణ కథలూ వేశాడు గానీ, చూసి వేయడం మానలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నంతో ఊళ్లు తిరిగి దృశ్యాలు వేశాడు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్లినవాళ్లు పెద్ద బొమ్మల ముందు ఆగినట్టు ఆ చిన్న దృశ్యాల ముందు ఆగరు. ఆగితే తెలిసేది ఏమిటంటే, పెద్ద బొమ్మల్లో గీత ఎంత నమ్మకంగా ఒంపు తిరుగుతుందో, చిన్న దృశ్యాల్లో అది అంత వెనక్కి తగ్గుతుంది. ఒకే చేయి రెండు క్రమశిక్షణలు పాటించింది.

తీగ దగ్గరికి వస్తే కథ తలకిందులవుతుంది. ఇక్కడ రంగు ముద్దలు లేవు, నీడపూత లేదు, అంచులను కరిగించే మసక లేదు. ఒక్క గీత. అది కూడా కాగితం ఆసరా లేకుండా గాలిలో నిలబడాలి.

ఈ పనిని ఆటలోంచి శిల్పంలోకి తెచ్చిన పేరు అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్. 1898లో పుట్టాడు. తాతా శిల్పే, తండ్రీ శిల్పే, తల్లి చిత్రకారిణి. ఆ ఇంట్లో పుట్టి ఈయన చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. 1919లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పట్టా తీసుకుని రకరకాల ఉద్యోగాలు చేశాడు. 1922లో ఒక ఓడ బాయిలర్ గదిలో పనిచేస్తూ గ్వాటెమాలా తీరం దగ్గర ఒక తెల్లవారుజామున డెక్ మీద నిద్రలేచాడు. ఒక పక్క ఎర్రగా మండుతూ సూర్యుడు లేస్తున్నాడు, ఇంకో పక్క వెండి నాణెంలా చంద్రుడు దిగుతున్నాడు. ఆ దృశ్యం తన మీద చివరిదాకా పనిచేసిందని ఆయనే చెప్పుకున్నాడు. ఇదే దృశ్యం మోనే చూసి ఉంటే నీళ్ల మీద పడ్డ రంగులు దక్కించుకునేవాడు. కాల్డర్ దక్కించుకున్నది రంగు కాదు, ఎడం. ఇక్కడో గుండ్రం, అక్కడో గుండ్రం, మధ్యలో ఊరికే ఉన్న బోలెడు జాగా. తొమ్మిదేళ్ల తర్వాత, 1931లో, తీగలూ గోళాలతో ఆయన చేసిన శిల్పాల్లో ఉన్నది ఆ జాగానే. ఒకే దృశ్యం ఒకరి చేత రంగు పట్టిస్తే ఇంకొకరి చేత ఖాళీ పట్టిస్తుంది.

మధ్యలో తొమ్మిదేళ్లూ ఆయన ఊరికే లేడు. న్యూయార్క్‌లో చిత్రలేఖనం చదివాడు, జంతుప్రదర్శనశాలల్లో నిలబడి జంతువులను కలం ఎత్తకుండా గీశాడు, 1925లో ఒక పత్రిక కోసం రెండు వారాలు సర్కస్‌లో కూర్చుని బొమ్మలు వేశాడు. తీగలోకి వెళ్లడానికి ఈ జంతువుల బొమ్మలే వంతెన. కదిలే జంతువును గీయాలంటే ఒకటే గీతలో వెన్ను, మెడ, తోక దొరకాలి. ఆ గీతను కాగితం మీంచి పీకి తీగగా నిలబెట్టడం ఒక్క అడుగు. 1926లో పారిస్‌లో జోసెఫిన్ బేకర్ అనే నర్తకిని తీగతో చేశాడు. తీగ, గుడ్డపీలికలు, బెండు ముక్కలతో ఆడించే సర్కస్ తయారుచేసి, పెట్టెల్లో సర్దుకుని తీసుకెళ్లి చూపించేవాడు. 1928లో న్యూయార్క్ వేహీ గ్యాలరీలో తీగశిల్పాల ప్రదర్శన జరిగింది.

ఆయన చేసిన తీగ ముఖాల్లో గమనించాల్సింది ఏమిటంటే, అందులో లేనివే ఎక్కువ. చెంపలు లేవు, నుదురు లేదు. కనుబొమ నుంచి ముక్కులోకి దిగిన తీగ పెదవి చుట్టి గడ్డం కిందికి పోతుంది. మిగతాదంతా చూసేవాడి కన్ను పూరిస్తుంది. రెండు అడుగులు పక్కకు జరిగితే ఆ ముఖం ఇంకో ముఖమవుతుంది, ఇంకో రెండు అడుగులకు అర్థంకాని మెలికల కుప్పవుతుంది, మళ్లీ ముఖమవుతుంది. కాగితం మీద గీతకు ఒకటే ముఖం. తీగ గీతకు ఎన్ని కోణాలుంటే అన్ని ముఖాలు. వాటిలో రెండు మూడింటినైనా ముందే ఊహించి వంచాలి. నాసిరకం తీగబొమ్మలన్నీ ఇక్కడే దొరికిపోతాయి. ఎదురుగా చూస్తే బాగానే ఉంటుంది, పక్కనుంచి చూస్తే అప్పడంలా చదునుగా ఉంటుంది. పెన్సిల్ గీతనే తీగతో దిద్దినట్టన్నమాట.

1930లో రంగు చతురస్రాలు, నిలువు అడ్డ గీతలతోనే బొమ్మలు వేసే చిత్రకారుడు మోండ్రియాన్ స్టూడియోకు వెళ్లి గోడ మీది రంగు చతురస్రాలు ఊగితే ఎలా ఉంటుందని కాల్డర్ అడిగితే, అక్కర్లేదు, నా బొమ్మలు ఇప్పటికే చాలా వేగంగా ఉన్నాయని మోండ్రియాన్ అన్నాడట. కాల్డర్ కొద్ది వారాలు నైరూప్య చిత్రాలు వేసి చూసి, మళ్లీ తీగకే వచ్చాడు. కదిలే శిల్పాలకు మొబైల్ అన్న పేరు 1931లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ పెట్టింది. 1955లో డిజైనర్ గీరా సారాభాయ్ పిలుపు మీద భార్యతో కలిసి ఇండియాకు వచ్చి, అహ్మదాబాద్‌లో ఉండి తొమ్మిది శిల్పాలు, కొన్ని నగలు చేశాడు. జేబులో పట్టకారు ఉంటే ఏ ఊరైనా స్టూడియోనే అయ్యే పని అది. ఆ మాటకొస్తే ఆరుబయట చిత్రకారుడి సంచీ కూడా అంతే.

అసావా దారి వేరు. ఆమెది కాలిఫోర్నియాలో కూరగాయలు పండించే జపాన్ మూలాల కుటుంబం. పొలం చదును చేసే బండి వెనక కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసి, దుమ్ములో బొటనవేళ్లతో వంపుగీతలు గీసుకుంటూ పోయేదాన్నని తర్వాత చెప్పింది. 1942లో యుద్ధం పేరుతో అమెరికా పడమటి తీరంలోని జపాన్ మూలాలవాళ్లందరినీ నిర్బంధ శిబిరాలకు తోలినప్పుడు పదహారేళ్ల పిల్ల. మొదట గుర్రప్పందేల మైదానంలో, తర్వాత ఆర్కన్సాలో రోవర్ శిబిరంలో ఉంచారు. ఆ మైదానంలో ఉన్నప్పుడే, తోటి బందీలైన డిస్నీ కార్టూన్ చిత్రకారుల దగ్గర బొమ్మలు నేర్చుకుంది. టీచర్ కావాలని చదివితే, జపాన్ మనిషివని బడుల్లో శిక్షణకు చోటివ్వక పట్టా రాలేదు. బ్లాక్ మౌంటెన్ కాలేజీలో చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర చేరింది. 1947లో మెక్సికోలోని తొలూకాకు వెళ్లినప్పుడు అక్కడివాళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తీగతో బుట్టలు అల్లడం చూసి నేర్చుకుంది.

క్రోషా అల్లికలాంటిదే ఆ పని, సూది లేకుండా చేత్తో. ఒకే తీగ ఉంగరం మీద ఉంగరంగా అల్లుకుంటూ పోయి, బుట్ట నోరు మూసుకుపోయి, మళ్లీ లోపలికి తిరిగి ఇంకో బుట్టగా తెరుచుకుంటుంది. లోపలున్నదీ బయటున్నదీ ఒకటే తీగ. చాలాకాలం విమర్శకులు దీన్ని ఆడవాళ్ల చేతిపని అని పక్కన పెట్టారు. మన ఇళ్లలో ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లిన అమ్మమ్మలకు, మెలికల ముగ్గులో చుక్కల చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసే గీత తెలిసినవాళ్లకు ఆ పనిలో ఎంత లెక్క ఉందో వేరే చెప్పక్కర్లేదు.

తీగపని మనకూ కొత్తది కాదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అంటే అదే: వెండిని సన్నని తీగగా లాగి, రెండు పోగులు పేని, నొక్కి, చిన్న చిన్న చుట్టలుగా చుట్టి చట్రంలో నింపి అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు అలా చేసినవే. తేడా ఎక్కడంటే, ఫిలిగ్రీలో తీగ చట్రాన్ని నింపడానికి పుట్టింది. జాగా మిగిలితే పని తక్కువైందన్నట్టు. తీగశిల్పంలో చట్రమే లేదు, మిగిల్చిన జాగాకే విలువ. పనితనంలో కరీంనగర్ చేయి ఎవరికీ తీసిపోదు. దాన్ని చట్రం దాటించి చూద్దామన్న ఆలోచన మన ఆర్ట్ కాలేజీలకు పెద్దగా రాకపోవడం విచిత్రం.

తీగకు దాని స్వభావం దానికుంది. గేజు అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: 16 గేజు దాదాపు 1.6 మిల్లీమీటర్లు, 20 గేజు 0.9. హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన దొరికే నల్లటి బైండింగ్ వైరు మెత్తగా వంగుతుంది, కానీ విశాఖ గాలిలో ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. జింకు పూత ఉన్న జీఐ వైరు తుప్పు తట్టుకుంటుంది గానీ వంచితే కొంత వెనక్కి తన్నుతుంది. రాగి మొదట వెన్నలా వంగుతుంది, అటూఇటూ నాలుగుసార్లు వంచితే బిగుసుకుపోయి టక్కున విరుగుతుంది. మళ్లీ మెత్తబడాలంటే ఎర్రబడేదాకా కాల్చాలి. ఏ తీగైనా ఒకసారి పడ్డ మడత గుర్తు పూర్తిగా పోదు. నీటిరంగులో ఒకసారి పడ్డ మరక కూడా పోదు. రబ్బరుతో చెరిపే అలవాటున్న చేతికి రెండూ శిక్షలే.

చిన్నగా చేసి చూసి బాగుందని అదే పెద్దగా చేద్దామనుకున్నవాళ్లకు ఇంకో దెబ్బ కాచుకుని ఉంటుంది. తీగ మందం రెట్టింపు చేస్తే బిగువు పదహారింతలు పెరుగుతుంది, బరువు నాలుగింతలే. ఇది మంచి వార్తే. కానీ మందంతోపాటు పొడవు కూడా రెట్టింపు చేస్తే తీగ తన బరువుకే నాలుగింతలు కుంగుతుంది. జానెడు గుర్రం ఠీవిగా నిలబడితే, మూరెడు గుర్రం మోకాళ్ల మీద కూర్చుంటుంది. ఇంజినీరింగ్ చదివిన కాల్డర్‌కు ఈ లెక్క తెలుసు. తీగ లాగితే డొంకంతా కదిలిందన్న సామెత తీగశిల్పం చేసేవాళ్లకు అక్షరాలా నిజం. చెవి దగ్గర చిన్న దిద్దుబాటు చేస్తే మడమ దగ్గర కదులుతుంది.

ఇప్పుడు రెండు పనులూ చేసే కళాకారుడి దగ్గరికి తిరిగివస్తే, అతను పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం ఎలా పనికొస్తుందో కనిపిస్తుంది. చెట్టు ముందు కూర్చుని ఆకుల మధ్య ఆకాశపు కంతలు చూడడం అలవాటైన కన్ను తీగ వంచేటప్పుడు తీగను కాకుండా తీగల మధ్య జాగాను చూస్తుంది. బిగినర్లు తీగను చూస్తారు, అందుకే వాళ్ల బొమ్మల్లో తీగ ఎక్కువవుతుంది. అవతలి నుంచి, తీగతో పనిచేసిన చేతికి కొమ్మ కాండం నుంచి ఎలా పుడుతుందో, బరువుకు ఎక్కడ వంగుతుందో వేళ్లకు తెలుసు. అసావాకు ఆ ఎడారి మొక్క నేర్పింది అదే. అలాంటి చేయి రంగు ముద్దలతో చెట్టు వేసినా ఆ ముద్దల వెనక ఎముక ఉంటుంది. తీగ తెలియని దృశ్య చిత్రకారుల చెట్లు కొన్నిసార్లు దూది ఉండల్లా ఎందుకు తేలిపోతాయో, దృశ్యం తెలియని తీగశిల్పుల బొమ్మలు ఎందుకు బట్టలారేసే హ్యాంగర్లలా ఉంటాయో ఇక్కడ అర్థమవుతుంది.

రెండింటికీ నడుమ వచ్చే పోట్లాట ప్రదర్శన రోజునే. రంగుల దృశ్యానికి గోడంతా సమంగా పరుచుకునే మెత్తటి వెలుతురు కావాలి. ఒక పక్క నుంచి గట్టి లైటు పడితే అద్దం మెరుస్తుంది, పూత మీది గరుకు లేచి కనబడి రంగు చెడుతుంది. తీగబొమ్మకు కావాల్సింది సరిగ్గా ఆ ఒక్క గట్టి లైటే. అప్పుడే దాని నీడ గోడ మీద రెండో బొమ్మగా పడుతుంది. నాలుగు వైపుల నుంచి లైట్లు వేస్తే నీడలు ఒకదాన్ని ఒకటి తినేసి తీగ ఒక్కటే మిగులుతుంది. మన గ్యాలరీల్లో ఎక్కువగా ఉండేది ట్యూబ్‌లైట్ల వరస కాబట్టి దృశ్యాలు బతికిపోతాయి, తీగబొమ్మలు దెబ్బతింటాయి. వాటిని మూలన స్టూలు మీద పెట్టి ముట్టుకోవద్దని చీటీ అంటిస్తారు. తెలిసినవాళ్లయితే పడమటి కిటికీ పక్కన దారంతో వేలాడదీస్తారు. సాయంత్రం నాలుగున్నర తర్వాత వాలు ఎండ లోపలికి వచ్చినప్పుడు దాని నీడ గోడ మీద మెల్లగా సాగుతుంది, నాలుగు నిమిషాలకో డిగ్రీ చొప్పున.